చుట్టాలొచ్చేరు

విశాఖపట్నం స్టేషన్‌కొచ్చిన బండి మరి ముందుకు పోలేదు. హౌరా పోవలసిందైనా సరే, ఇంజన్ని ఈ కొసన విప్పి ఆ కొసకు తగిలించుకుని, వచ్చిన వైపుకే తిరిగి దారి పట్టాలి. కొత్తవాళ్ళు ‘ఇదేంటి, మళ్ళీ విజయవాడ తీసుకుపోతున్నాడా’ అని కంగారుపడి పక్కవాణ్ణి అడుగుతారు. దీన్ని రైల్వేవాళ్ళ ఇబ్బందిగా మా బాబాయి ఏనాడూ ఒప్పుకోలేదు.

“బండికైనా ఊరొదిలి ఎల్లాలంటే మనసొప్పాలి కదరా. అందుకే ఎనక్కి తిరుగుతాది” అంటాడు.

ఊళ్ళోకి రాకుండా దువ్వాడ నుంచే పక్కకి తప్పుకుపోయే బళ్ళు కొన్ని ఉన్నాయి. వాటి పేరెత్తితే చాలు, మన వీధిలోంచే వెళ్తూ గుమ్మం తొక్కని చుట్టం గురించి మాట్లాడినట్టు మాట్లాడతాడు.

ఈ ఉపన్యాసమంతా ప్లాట్‌ఫారం మీదే అయిపోయింది. అప్పటికి మేం దిగి నాలుగు నిమిషాలు. మా పెట్టె ఆయన చేతిలో ఉంది, మా అమ్మాయి చెయ్యి ఆయన రెండో చేతిలో ఉంది. మేమిద్దరం వెనక పరిగెడుతున్నాం.

ఇలాంటి బాబాయి ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. విజయవాడలో మావయ్య అవుతాడు, వరంగల్లులో కాక అవుతాడు, మనిషి మాత్రం ఒకడే. ఉద్యోగం అయిపోయి ఉంటుంది, మోకాళ్ళు ఇంకా అయిపోయి ఉండవు. ఊరు తనే కట్టించినట్టు, తాళాలు తన మొలతాడుకే ఉన్నట్టు తిరుగుతాడు. ఆ ఊళ్ళో మనం హోటల్లో దిగుతామన్నామా, అయిపోయామే. ఫోన్లో నేనా మాట అని చూశాను. కాసేపు అవతల చప్పుడు లేదు. తరవాత, “అలాగే దిగండి. మేం లేం అనుకుని దిగండి” అన్నాడు. హోటలు రద్దు చేశాను.

మా బాబాయి షిప్‌యార్డులో ముప్పయ్యేడేళ్ళు చేసి ఫోర్‌మన్‌గా దిగాడు. స్వతంత్ర భారతంలో ఇక్కడ తయారైన మొదటి పెద్ద ఓడ ‘జల ఉష’ను 1948 మార్చిలో నెహ్రూ వచ్చి నీళ్ళలోకి వదిలినప్పుడు బాబాయి పుట్టనైనా లేదు. కానీ ఆ కథ చెప్పేటప్పుడు వింటే, ఆ రోజు కొట్టిన కొబ్బరికాయ చిప్పలు తనే ఏరుకున్నాడనిపిస్తుంది. సింధియా కంపెనీ ఏనాడో వెళ్ళిపోయినా బస్సుల మీద ఇప్పటికీ ‘సింధియా’ అనే ఉంటుంది. అదీ ఆయనకు గర్వమే.

గాజువాకలో ఇల్లు. మేం వెళ్ళేసరికి మా మూడు రోజుల ప్రోగ్రాం ఒక పెళ్ళికార్డు వెనక రాసి, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి ఉంది. నీలం ఇంకుతో వరసగా: ఫిషింగ్ హార్బరు, కురుసుర, సింహాచలం, కైలాసగిరి, భీమిలి. పిన్ని దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, “బాగానే ఉంది” అని ముద్ర వేసి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే బాబాయి చెవి మీదున్న పెన్సిలు తీశాడు. హార్బరు పక్కన (ఇడ్లీ), కురుసుర పక్కన (బజ్జీ), సింహాచలం పక్కన (పులిహోర, పొంగలి), కైలాసగిరి పక్కన (మొక్కజొన్న పొత్తు). భీమిలి పక్కన మాత్రం ప్రశ్నార్థకం పెట్టి, “అక్కడ సూసుకుందాం” అన్నాడు.

మా ఆవిడ ఆ కార్డు కేసి ఒక నిమిషం చూసి నా చెవిలో అడిగింది. “ఊరు చూడ్డం మధ్యలో తిండా, తిండి మధ్యలో ఊరా?”

మర్నాడు తెల్లారుజామున పిన్ని బాబాయికి రాగిజావ ఇచ్చింది. ఎదురుగా నించుని ఇచ్చింది. ఆయన చివరి చుక్క దాకా తాగి, గ్లాసు తలకిందులు చేసి చూపించాడు. చూపించడం అలవాటైన మనిషిలానే చూపించాడు. నాకప్పుడు అర్థం కాలేదు.

“ఎంతసేపు బాబాయ్ హార్బరుకి?”

“అయిదు నిమిషాలు.”

ఆయన దగ్గర దూరానికి కొలత ఇదొక్కటే. గాజువాక నుంచి ఆర్కే బీచి అయిదు నిమిషాలు, భీమిలి అయిదు నిమిషాలు, అరకు ‘అలాగ ఎల్లి ఇలాగ’. మేం ఎన్‌ఏడీ జంక్షను దాటేసరికే నలభై నిమిషాలైంది. ఎన్‌ఏడీ అంటే నేవీవాళ్ళ ఆయుధాల డిపో అని, అది ఉన్న చోటే కూడలి కూడా అదే పేరు పెట్టుకుందని ఆ నలభై నిమిషాల్లో రెండుసార్లు విన్నాం.

ఫిషింగ్ హార్బరు దగ్గర మాత్రం బాబాయి వేరే మనిషి. అక్కడ నాటకం లేదు. వేలంపాట అరుపుల్లో, మంచు నీళ్ళల్లో, చెప్పులు తడుస్తున్నా పట్టించుకోకుండా గంపగంపకీ వంగి చేప మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉంటే ఊఁ అన్నాడు, గోధుమరంగు తిరిగితే మాట్లాడకుండా ముందుకు పోయాడు. కంటిని వేలితో నొక్కి చూశాడు. వంజరం, చందువా, నెత్తళ్ళు, పీతలు ఒక్కొక్కటీ మా అమ్మాయికి పేరు పెట్టి పరిచయం చేశాడు. ఏది పులుసుకి, ఏది వేపుడుకి, ఏది బాలింతకి పెట్టాలో చెప్పాడు. బేరంలో ఒక ముసలమ్మ, “నీకన్నా సముద్రమే నయం బావూ, ఎంతో కొంత వదుల్తాది” అంది. ఆ మాట ఆయనకెంత నచ్చిందంటే, ఆమె అడిగిన ధరే ఇచ్చేశాడు.

అయితే ఆయన దృష్టిలో మేం ఎప్పుడూ తప్పు కాలంలోనే వస్తాం. మేం వెళ్ళింది డిసెంబరు. “పనసపళ్ళ రోజుల్లో రావాలిరా! సింహాచలం పనస తొన ఒక్కటి నోట్లో ఏసుకుంటే...” అని వాక్యం పూర్తి చెయ్యలేక కళ్ళు మూసుకున్నాడు. అయిదేళ్ళ కిందట మేలో వచ్చాం. అప్పుడేమన్నాడో నాకు గుర్తుంది. “ఇప్పుడేటి వచ్చేరు? వేట లేదు కదరా!” ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పుతీరంలో మరపడవల వేట ఆపేస్తారు. పనస పండేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. పనసపండు, తాజా వంజరం రెండూ ఒకేసారి దొరికే నెల కోసం వెతికితే మనకి కేలండరు చాలదు. ఏదో ఒకటి మిగిలిపోవాలి, దానికోసం మళ్ళీ రావాలి. ఇందులో కుట్ర ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తరవాత టిఫిను. బోర్డున్న హోటల్లోకి ఆయన అడుగు పెట్టడు. “రుచుంటే బోర్డెందుకురా? బోర్డు పెట్టేడంటే రుచి తగ్గిందన్నమాట.” పాతపోస్టాఫీసు దగ్గర సందులు తిప్పి తిప్పి ఒక బండి దగ్గర ఆపాడు. “మనోడే. నాకు కొడుకులాంటోడు. నన్ను సూడగానే సెట్నీ రెండుసార్లు ఏస్తాడు సూడు.”

ఆ కొడుకులాంటివాడు తలెత్తి, “ఎన్ని ప్లేట్లు సార్?” అన్నాడు.

బాబాయి ఏమాత్రం తొణకలేదు. “పనిలో ఉన్నాడు. పలకరిస్తే చెయ్యి ఆగిపోతాది” అని మాకు సర్దిచెప్పాడు. మూడు రోజుల్లో ఇలాంటి మనోళ్ళు తొమ్మిదిమంది తగిలారు. తొమ్మిదిమందీ పనిలోనే ఉన్నారు.

ఇడ్లీ మాత్రం, నిజం ఒప్పుకోవాలి, దూదిలా ఉంది. మేం తలా ఒక ప్లేటు తిన్నాం. “ఇంటిదగ్గర రాగిజావ తాగొచ్చేను కదా, నాకొద్దు” అన్న బాబాయి మా అమ్మాయి ప్లేటు రుచి చూశాడు. మా ఆవిడ ప్లేటులో కారప్పొడి ఘాటెలా ఉందో చూశాడు. నా ప్లేటులో నెయ్యి అసలైనదో కాదో తేల్చాడు. “మీకు తోడు లేకపోతే బాగోదు” అని తర్వాత ఒకటి తెప్పించుకున్నాడు.

డబ్బు సంగతి వేరే చెప్పాలి. అతిథి జేబులో చెయ్యి పెట్టాడంటే బాబాయికి అవమానం. ఇద్దరం బండి ముందు చేతులు పట్టుకుని కుస్తీ పడుతుంటే జనం విడదియ్యడానికి వచ్చారు కూడా. ఎప్పుడూ నోట్లే ఇస్తాడు. ఈ రోజుల్లో మరమరాలమ్మే కుర్రాడి దగ్గర కూడా స్కానరుంటే ఈయన బనీను జేబులోంచి మడతలు పడ్డ వందనోటు తీస్తాడేమిటా అనుకున్నాను. ఒకచోట చిల్లర లేదు, ఫోన్లోనే కొట్టమన్నాడు బండివాడు. అప్పుడు బాబాయి ముప్పయ్యేళ్ళ మర్యాదని పక్కన పెట్టి, “ఇక్కడ మాత్రం నువ్వే కొట్టరా” అన్నాడు. కారణం పిన్ని ఫోను. బాబాయి బేంకు ఖాతాలోంచి పది రూపాయలు కదిలినా మెసేజి పిన్ని ఫోనుకు వెళ్తుంది.

కురుసుర దగ్గర టికెట్టు కౌంటర్లో అబ్బాయి బాబాయిని చూడగానే, “మీది వదిలేసి ఎన్ని సార్?” అన్నాడు.

ఐఎన్ఎస్ కురుసుర 31 ఏళ్ళు నేవీలో పనిచేసి 2001లో రిటైరైన సబ్‌మెరైను. 2002లో దాన్ని సముద్రంలోంచి లాక్కొచ్చి ఇసకలో కూర్చోబెట్టి మ్యూజియం చేశారు. పొడుగు 91 మీటర్లు. లోపల మనిషి పక్కకి తిరిగితే గోడలోని ఏదో ఒక మీట నడుంకి తగులుతుంది. అంత ఇరుకులో డెబ్భైమందికి పైగా నెలల తరబడి ఎలా వండుకున్నారో, ఎలా పడుకున్నారో గైడు చెబుతుంటే మా అమ్మాయి నోరు తెరుచుకుని వింది. ఈ ఊళ్ళో చూడదగ్గది ఒక్కటే చూడాలంటే నేను దీన్నే చెబుతాను, కైలాసగిరి కాదు. కైలాసగిరి మీద శివపార్వతుల ముందు ఫోటో దిగితే పని అయిపోతుంది. కురుసురలో మాత్రం బయటికొచ్చాక కూడా కాసేపు వంగే నడుస్తాం.

బాబాయి లోపలికి రాలేదు. “నేను సూసిందే కదరా, మీరెల్లి రండి, సెప్పులు నేను సూసుకుంటాను” అన్నాడు. చెప్పులు విప్పక్కర్లేదు అక్కడ. అరగంట తరవాత మేం వచ్చేసరికి అదే బల్ల మీద, అదే భంగిమలో, సముద్రం కేసి చూస్తూ ఉన్నాడు. మీసం మీద చిన్న శనగపిండి పలుకు ఉంది.

“తాతయ్యా, లోపల పెరిస్కోపులోంచి చూశావా నువ్వు?” అంది మా అమ్మాయి.

“ఆఁ, సూసేను కదా... అదీ... పైకుంటాది.”

వచ్చే పోయే చుట్టాలతో ఆ గుమ్మం దాకా కొన్ని డజన్లసార్లు వెళ్ళిన మనిషి ఒక్కసారైనా గుమ్మం దాటలేదని అప్పుడు నాకు అనుమానమేసింది. ఆ అరగంట ఆయనకి చాలా విలువైనదని కూడా.

మాట మార్చడానికి వెంటనే ఘాజీ కథ ఎత్తుకున్నాడు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైను ఘాజీ విశాఖ తీరంలో పేలి మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన బాంబులకి పేలిందని మనవాళ్ళు, లోపలే ఏదో పేలిందని వాళ్ళు అంటారు. దానిమీద 2017లో సినిమా కూడా వచ్చింది. బాబాయి ఈ రెండు కథలకీ ఒప్పుకోడు. ఆయనది మూడోది. అందులో ఆయన మేనత్త మొగుడి తాలూకు జాలరి ఒకాయన ఉంటాడు. “ఆ రాత్రి మా ఇంటి కిటికీ అద్దాలు గలగలమన్నాయిరా! నాకు పదకొండేళ్ళు. మంచం మీంచి పడిపోయేను.”

ఇంటికొచ్చాక ఈ కథ పిన్నికి చెబితే ఆమె చేప ముక్కలు కడుగుతూనే, “వాళ్ళింటికి అప్పుడు అద్దాలెక్కడివి, చెక్క రెక్కలే. మంచం కూడా లేదు, చాప” అంది.

సింహాచలంలో ఆయన భక్తి చూసి తీరాలి. ఏడాదంతా చందనం పూతలో ఉండే స్వామి అక్షయతృతీయ ఒక్కరోజే నిజరూపంలో కనిపిస్తాడు. ఆషాఢ పౌర్ణమినాడు కొండ చుట్టూ 32 కిలోమీటర్లు జనం ప్రదక్షిణ చేస్తారు. కృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలిచ్చి శాసనం వేయించాడు. ఇవన్నీ మెట్లెక్కుతూ ఆయాసం లేకుండా చెప్పాడు. కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే కోరిక తీరుతుందంటారు. బాబాయి దాన్ని కావలించుకుని చాలాసేపు వదల్లేదు. వెనక క్యూలో వాళ్ళు గొడవ మొదలెట్టారు. ఏం కోరుకున్నాడో ప్రసాదాల కౌంటరు దగ్గర బయటపడింది. పులిహోర రెండు పొట్లాలు, చక్కెరపొంగలి రెండు, లడ్డూ ఒకటి. “ప్రసాదం వద్దంటే అపచారం” అని నా పొంగలి కూడా ఆయనే తిన్నాడు, నాకు అపచారం అంటకుండా.

భీమిలి దారిలో ‘మరోచరిత్ర’ తీసిన చోటు చూపించాడు. 1978 నాటి సినిమా. “ఇదిగో, ఈ బండ మీదే సరిత కూర్చుంది.” కిలోమీటరు తరవాత ఇంకో బండ. సరిత అక్కడ కూడా కూర్చుందట. డచ్చివాళ్ళ సమాధులు బయట నుంచే చూపించి, ఆ పెన్సిలు ప్రశ్నార్థకం కోసం రొయ్యల వేపుడు దొరికే చోటికి నడిపించాడు. అరకు, బొంగులో చికెను మా కార్డులోనే లేవు. “అవి ఇంకో మూడు నెల్లకి” అన్నాడు. మూడు నెలలు ఎందుకో అప్పుడు అడగలేదు.

ఆఖరి సాయంత్రం ఆర్కే బీచి. ఆర్కే అంటే రామకృష్ణ, ఎదురుగా మఠం ఉంది. విశాఖ బజ్జీల్లో నా ఓటు టమాటా బజ్జీకే. టమాటాని శనగపిండిలో ముంచి వేయించి, మధ్యకి కోసి, ఉల్లిపాయ, నిమ్మరసం, మిక్చరు కూరతారు. వేడి టమాటా రసం నాలికని కాలుస్తుంది, ఎవరూ ఆగరు. పక్కనే ముంత మసాలా. మరమరాలు, పల్లీలు, ఉల్లి, టమాటా, కారం ముంతలో వేసి గరిటెతో టకటక కొడుతుంటే ఆ చప్పుడుకే ఆకలేస్తుంది.

బాబాయి ఒక బండి దాటించి తీసుకుపోబోయాడు. “ఇక్కడొద్దు, అక్కడ బాగుంటాది.” కానీ ఆ బండి ఆవిడ చూసేసింది.

“బావుగారూ! ఏటి ఇటే రాకుండా పోతన్నారు? మొన్న లచ్చివారమే కదా వచ్చినారు, సుట్టాలొచ్చేరని! మళ్ళీ ఒచ్చేరా సుట్టాలు?”

మొన్న లక్ష్మివారం ఎవరూ రాలేదు. మేం ఆదివారం వచ్చాం.

తొమ్మిదిమంది మనోళ్ళు ఆయన్ని గుర్తుపట్టకపోతే చలించని బాబాయి, ఈ ఒక్కావిడ గుర్తుపట్టేసరికి తెల్లబోయాడు. ఇసక మీద కూలబడ్డాడు. షుగరు వచ్చి నాలుగేళ్ళయిందట. డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు, పిన్ని దాన్ని లేమినేషను చేయించింది. ఇంట్లో నూనె చెంచాతో కొలత.

“ఒక్కణ్ణీ ఎల్లి తింటే దొంగతనంరా. సుట్టాలతో తింటే మర్యాద” అన్నాడు. కాసేపాగి, “లచ్చివారం మాత్రం దొంగతనమే” అని ఒప్పుకున్నాడు.

మా ఆవిడ ఏమీ అనలేదు. నాలుగు టమాటా బజ్జీలు చెప్పి, నా ఫోనుతో డబ్బు కొట్టింది. బండి మీది డబ్బా ‘ఎనభై రూపాయలు అందినవి’ అని అరిచింది. బాబాయి అదిరిపడి చుట్టూ చూశాడు.

స్టేషనుకి పిన్ని కూడా వచ్చింది. బాబాయి నీళ్ళ సీసాకి వెళ్ళినప్పుడు నేను గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయాను.

“నువ్వేం చెప్పక్కర్లేదు నాన్నా” అంది. “పొద్దున్నే పరగడుపున చేసే పరీక్షకైతే ముందురోజు పస్తుండి మోసం చేసేస్తారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది కదా, అది మోసపోదు. ఏ నెల్లో ఎవరొచ్చి వెళ్ళేరో నాకు అందులోనే తెలుస్తాది. మీ అత్తయ్య వాళ్ళొచ్చినప్పుడు ఎనిమిదిన్నర.”

“మరి మమ్మల్ని రానిచ్చావేం పిన్నీ?”

“రానివ్వడమేంటి, మీ అమ్మకి ఫోను చేసి పంపమంది నేనే. చుట్టాలు రాకపోతే మనిషి కిటికీ దగ్గరే కూచుంటారు. అందుకని మూడు నెల్లకొకరు. రేషను.”

బాబాయి నీళ్ళ సీసాతో వచ్చాడు. రెండో చేతిలో మాడుగుల హల్వా డబ్బా. “మీకోసమేరా, దార్లో తింటారని” అన్నాడు. డబ్బా సీలు అప్పటికే తీసి ఉంది. పిన్ని సముద్రం ఉన్న వైపుకి చూసింది.

డిసెంబరు మాది అయిపోయింది. మార్చి ఇంకా ఖాళీగానే ఉందని పిన్ని మొన్న చెప్పింది. విశాఖ వెళ్ళే పని ఉన్నవాళ్ళు నాకొక మాట చెప్పండి, నంబరిస్తాను. చుట్టరికం గురించి దిగులు పడకండి, అది బాబాయే తేలుస్తాడు. ఏప్రిల్ 15 లోపు వెళ్ళండి, తరవాత వేట ఉండదు. దువ్వాడ నుంచే పక్కకి తప్పుకుపోయే బండి మాత్రం ఎక్కకండి.